మునగనన్న పడవ

మోకాలు వేస్తేగాని ముందుకు పోనివ్వని ఆట మాది. పడవ అడుగున ఒక మోకాలు ఆన్చి, రెండో కాలు ముందుకు చాచి, ఎప్పుడూ ఒకే పక్క తెడ్డు వేస్తూ పోవాలి. దాన్ని ‘స్ప్రింట్ కనూ’ అంటారని చెబితే పామర్రు దగ్గరి మా ఊళ్లో ఎవరూ నమ్మలేదు. “కను, విను, తిను అన్నట్టా? ఇందులో మూడోది తప్ప నీకేం వచ్చురా?” అన్నాడు మా పెదనాన్న. మా అమ్మకైతే తెడ్డంటే వంటింటి వస్తువే. సెలవులకు వెళ్లినప్పుడు నల్లగా కాయ కాసిన నా ఎడమ మోకాలు చూసి, “ఏ దేవుడికి మొక్కావురా ఇంతలా? కనీసం పాసు మార్కులన్నా అడిగావా?” అంది.

తొంభైల చివర్లో డిగ్రీ చదవడానికి బెజవాడ వచ్చాను. కాలేజీ ఆటల పోటీల్లో పరుగెత్తితే, నా తర్వాత వచ్చింది ఎండకు తట్టుకోలేక మెల్లగా నడిచొచ్చిన పీఈటీ మాస్టారు ఒక్కరే. ఆయనే నన్ను బ్యారేజీ ఎగువన, కృష్ణ ఒడ్డున ఉన్న పడవల షెడ్డుకు పంపారు. నేల మీద పనికిరానివాణ్ణి నీళ్ల మీద చూద్దామనుకున్నారేమో. కాలవల్లో ఈదుతూ పెరిగినవాణ్ణి కనుక మునిగేవాణ్ణి కాదు. నాకున్న యోగ్యత అదొక్కటే.

కానీ తేలడం వేరు, తేల్చడం వేరు. ఆ పడవ వెడల్పు మనిషి నడుమంత. ఊపిరి గట్టిగా పీల్చినా ఒరుగుతుంది. మొదటి నెలంతా నేను పడవలో ఉన్నదానికన్నా పడవ పక్కన ఉన్నదే ఎక్కువ. రేకుల షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునే మా కోచ్ సారు ఒకప్పుడు సైన్యంలో పనిచేసిన మనిషి. నేను పడ్డప్పుడల్లా కుర్చీలోంచి లేవకుండానే, “కృష్ణమ్మకి రోజూ నువ్వొక్కడివే పూర్తిగా దణ్ణం పెడుతున్నావ్” అనేవారు.

నన్ను తేల్చినవాడు మా ముందువాడు. పేరు చెప్పను, ఒప్పుకోడు. ఇద్దరు వేసే పడవలో ముందు కూర్చున్నవాడు వేగం పెడతాడు, వెనక ఉన్నవాడు ఆ వేగాన్ని పట్టుకుని పడవకు దారి చూపిస్తాడు. అతను ముందు, కుడి పక్క తెడ్డు. నేను వెనక, ఎడమ పక్క తెడ్డు. చదువులో ఎలాగూ వెనకబడినవాణ్ణే కనుక ఆ చోటు నాకు కొత్తనిపించలేదు. అవనిగడ్డ దాటాక, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక పల్లె అతనిది. వాళ్ల నాన్న వేటకు వెళ్తాడు, వాళ్లమ్మ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. చిన్నాన్న ఇంట్లో ఉండి చదువుకుందామని బెజవాడ వచ్చాడు. బడిలో ఆలస్యంగా చేరడం వల్ల నాకన్నా మూడేళ్లు పెద్ద.

పొద్దున్నే నది మీద మంచు విడవకముందే దిగేవాళ్లం. గుర్రపుడెక్క కొట్టుకొచ్చిన రోజున ముందు దాన్ని చేతులతో లాగి పారేసి దారి చేసుకునేవాళ్లం. ఆ తర్వాత గంటన్నర సేపు నాకు కనిపించేది అతని వీపే. ముందువాడు వెనక్కి తిరగకూడదు, తిరిగితే పడవ ఒరుగుతుంది. అందుకని మా స్నేహమంతా అతని వీపుతోనే సాగింది. రాత్రి నిద్ర చాలలేదంటే మెడ దగ్గర తెలిసేది. ఇంటి నుంచి కబురు బాగాలేదంటే మొదటి పది తెడ్లలో తెలిసేది. మేమిద్దరం కలిసి జాతీయ పోటీల్లో ఒక వెండి పతకం తెచ్చాం. దాన్ని మా అమ్మ చింతపండుతో తోమి చూసి, “వెండి కాదురా ఇది” అని తేల్చేసింది.

వెండి కాకపోయినా దానికో విలువ ఉంది. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలు పడ్డాయి. పతకం ఉన్నవాళ్లు ఆ ఏడాది హైదరాబాదులో జరిగే ఎంపిక పోటీల్లో కూడా దిగాలి. దిగి, రేసు పూర్తి చేస్తే చాలు, ఉద్యోగం దాదాపు వచ్చినట్టే. నాకు ఇంకా సమయం ఉంది. అతనికి మాత్రం అదే ఆఖరి ఏడు, వయసు దాటిపోతుంది.

“మా ఇంట్లో నెలాఖరుకి జీతం తెచ్చినోడు ఇంతవరకూ లేడురా,” అన్నాడొకసారి, షెడ్డు ముందు తడి బట్టలు పిండుకుంటూ. “గాలి బాగుంటే తింటాం, లేకపోతే గాలే తింటాం. మా అమ్మ అడిగింది, ఆఫీసులో కుర్చీ ఇస్తారా అని. ఇస్తారు, మోకాళ్ల మీద కూర్చోబెట్టరులే అన్నాను.”

ఆ పోటీలు నెల రోజుల్లో ఉన్నాయనగా, తుపాను వస్తోందని రేడియోలో చెప్పారు. బందరు దగ్గర తీరం దాటుతుందని, గాలి గట్టిగా ఉంటుందని. సారు ఎంపిక పోటీల పని మీద హైదరాబాదు వెళ్లారు. అప్పట్లో మాలాంటివాళ్ల దగ్గర సెల్‌ఫోన్లు లేవు. షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. పైన రేకులు అప్పటికే టపటపలాడుతున్నాయి. ముందటేడు గాలికి ఒక రేకు ఊడి కింద ఉన్న పడవ మీద పడి దాన్ని చీల్చేసింది.

ఒక్కరు వేసే చిన్న పడవలన్నీ మోసుకెళ్లి ఒడ్డు మీదున్న సిమెంటు గదిలో పెట్టాం. మా పడవ మాత్రం పట్టలేదు. ఏ మూల నుంచి ఏ మూలకు పెట్టినా ముక్కు గుమ్మం దాటి బయటికొచ్చేది. క్లబ్బులో ఇద్దరు వేసే పడవ అదొక్కటే. గాలికి అది ఎంత తేలికంటే, చెరో పక్కా పట్టుకుని చంకలో పెట్టుకుపోయేవాళ్లం.

“ముంచేద్దాం,” అన్నాడు.

“దేన్ని?”

“పడవని. తుపాను కబురొస్తే మా వాళ్లు ముందు చేసే పని అదే. పాయలోకి తీసుకెళ్లి, రాళ్లేసి ముంచేస్తారు. గాలికి పైనున్నదే దొరికిద్ది. అడుగున పడుకున్నదాన్ని ఏం చేసిద్ది?”

నేను నవ్వాను. అతను నవ్వలేదు. ఉప్పెన వచ్చిన డెబ్బై ఏడులో అతను ఉయ్యాల్లో ఉన్నాడట. ఆ ఉప్పెనకు వాళ్ల పల్లెలో పడవలన్నీ కొట్టుకుపోయాయి, కొన్ని తాటిచెట్లకు చిక్కుకుని ముక్కలయ్యాయి. వాళ్ల నాన్న లోపలి పాయలో రాళ్లేసి ముంచిన పడవ మాత్రం మిగిలింది. రాళ్లు తీసి, నీళ్లు తోడి, వాళ్లు దాన్ని లేపారు. బతికినవాళ్లంతా చాలాకాలం ఆ ఒక్క పడవ మీదే వేటాడి తిన్నారు. “నేను మా అమ్మ పాలెంత తాగానో తెలీదుగానీ, ఆ పడవ తిండే ఎక్కువ తిన్నాను,” అన్నాడు. అంతటి మాట విన్నాక నేనెందుకు కాదంటాను? వరి పొలాల మధ్య పుట్టినవాణ్ణి, తుపానంటే నాకు తెలిసింది కోసిన పనల మీద గడ్డి కప్పడమే.

ఒడ్డుకూ రెల్లు దుబ్బులకూ మధ్య నీళ్లు కదలకుండా ఉండే చోటొకటి ఉంది. పడవను అక్కడికి తీసుకెళ్లి నీళ్లు నింపాం. అంచుల దాకా నిండింది, మునగలేదు. ఒడ్డు కోసుకుపోకుండా పేర్చిన రాళ్లలోంచి కొన్ని తెచ్చి మధ్యలో పెట్టాం. కొంచెం దిగింది, ఆగింది.

“మొండిదిరా ఇది,” అన్నాడు. గొంతులో ముద్దు చేస్తున్నట్టే ఉంది. “నీకంటే మొండిది. ఇంకో రెండు తే.”

వాళ్ల పడవ చెక్క పడవ. రాయి వేస్తే మొత్తం ఒక్కటిగా, బల్లపరుపుగా అడుక్కి దిగుతుంది. మాది ఫైబరు పడవ. ముక్కులోనూ తోకలోనూ గాలి బిగించి మూసేసిన గదులుంటాయి, ఎన్నిసార్లు తిరగబడ్డా మునగకూడదని. ఆ సంగతి నాకు తెలియదా? ఆ గాలిగదుల్ని పట్టుకునే కదా మొదటి నెలంతా బతికింది! అతనికి తెలియదా? కానీ ఆ పూట ఇద్దరి బుర్రల్లోనూ ఉన్నది వాళ్ల నాన్న పడవే. మేం రాళ్లు వేస్తున్నకొద్దీ నడుము కిందికి దిగుతోంది, రెండు కొసలూ పైకే లాగుతున్నాయి.

ఎండిన తాటిమట్ట విరిచినట్టు చప్పుడైంది.

ఛాతీ లోతు నీళ్లలో ఇద్దరం నిలబడిపోయాం. అతను వంగి, నీళ్ల కింద చెయ్యి పెట్టి పడవ అడుగు తడిమాడు. చాలాసేపు తడిమాడు.

“ఏం కాలేదు కదా?” అన్నాను.

అతను రాళ్లు తీయడం మొదలుపెట్టాడు. ఒక్కొక్క రాయీ నీళ్లలో పడేయకుండా ఒడ్డు దాకా మోసుకెళ్లి, ఎక్కడిది అక్కడ పెట్టి వచ్చాడు. నేను సాయం పట్టబోతే మోచేత్తో పక్కకు నెట్టాడు. పడవను లేపి బోర్లిస్తే, మధ్యలో అడ్డంగా, ఒక అంచు నుంచి రెండో అంచు దాకా నడుము విరిగి ఉంది.

ఆ తుపాను ఎక్కడో ఉత్తరానికి తిరిగిపోయింది. మాకు నారుమడి తడిసేపాటి వాన పడింది. షెడ్డు మీద ఒక్క రేకూ ఊడలేదు.

మర్నాడు సారు వచ్చారు. పడవను చూసి, పక్కనే గొంతుక్కూర్చుని, ఆ పగులు మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా రాశారు.

“ఎవరు చేశారు?”

“ఇద్దరం సార్,” అన్నాను. “ఇద్దరం కలిసే ముంచాం.”

“నువ్వు నోర్ముయ్,” అన్నారు నావైపు చూడకుండానే. “నీకు తేల్చడమే సరిగా రాదు, ముంచడం ఎప్పుడు నేర్చావ్?”

ఇంకో రోజైతే ఆ మాటకు ముగ్గురం నవ్వేవాళ్లం. రాళ్లు మోసింది నేను కూడానని, చేతులు చూడండని మళ్లీ చెప్పాను. వినలేదు. నా తప్పులో నా వాటా నాకు ఇవ్వడానికి ఆయనకు మనసొప్పలేదు. అంత పనికిమాలినవాణ్ణి ఆయన లెక్కలో.

“నువ్వు పడవల్లో పుట్టావు కదరా,” అన్నారు అతనితో. “నీకు తెలీదా?”

“మా పడవలు మునుగుతాయి సార్.”

“ఇది నీ పడవ కాదు.”

అంతే అన్నారు. కేక వెయ్యలేదు, చెయ్యెత్తలేదు. ఆ నాలుగు మాటలూ అతని వీపు మీద ఎక్కడ పడ్డాయో నాకు కనిపించింది. మర్నాడు పొద్దున అతను రాలేదు. చిన్నాన్న ఇంటికి వెళ్తే, మొదటి బస్సుకే ఊరెళ్లిపోయాడన్నారు. అతని తెడ్డు మాత్రం షెడ్డులో శుభ్రంగా తుడిచి నిలబెట్టి ఉంది.

పడవను లారీ మీద ఆటోనగర్ తీసుకెళ్లాం. లారీ క్యాబిన్లకూ నీళ్ల ట్యాంకులకూ ఫైబరు అతుకులు వేసే మేస్త్రీ ఒకాయన, ఇంత సన్న పడవను ఎన్నడూ చూడలేదంటూనే అతికించాడు. బరువు పెరిగింది. ఎడమకు లాగేది. ముందు చోట్లో సారు ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు. మంచి కుర్రాడు, నాకన్నా బలమైనవాడు. ప్రతి నాలుగు తెడ్లకూ వెనక్కి తిరిగి, “సరిపోయిందా అన్నా?” అని అడిగేవాడు. అడిగినప్పుడల్లా ఇద్దరం నీళ్లలో పడేవాళ్లం.

అలా పదిరోజులు చూశాక సారు నన్ను పక్కకు పిలిచారు.

“వాడి ఊరు తెలుసా నీకు?”

“అవనిగడ్డ దాటాక అని తెలుసు సార్. కనుక్కుంటాను.”

“వెళ్లి తీసుకురా. నేను రమ్మన్నానని చెప్పకు.” నాలుగడుగులు వేసి ఆగారు. “సరే, చెప్పు.”

బస్సు పామర్రులో ఆగితే దిగలేదు. దిగితే అమ్మ అన్నం పెట్టకుండా వదలదు. చల్లపల్లి, అవనిగడ్డ, ఆపైన ఆటో, ఆపైన ఇసుకలో నడక. వాళ్లమ్మ ఇంటి ముందు వల పరిచి, దాని మీద రొయ్యలు ఎండబోస్తోంది. నేనెవరో చెప్పగానే లేచి, చీర కొంగుతో మంచం దులిపింది.

“నువ్వేనా బాబూ ఆడి వెనకాల కూచునేది? కూచో. ఆడు పాయ కాడున్నాడు, వచ్చేస్తాడు. అసలేమైంది నాయనా అక్కడ? ఆడేమీ చెప్పడు. ఉద్యోగం మాటెత్తితే లేచెళ్లిపోతన్నాడు.”

చెప్పాను. తుపాను కబురు, పట్టని గది, రాళ్లు. ముక్కులో, తోకలో గాలి ఉంటుందని చెప్పాక ఆమె చేతిలో రొయ్యలు అలాగే పట్టుకుని ఉండిపోయింది.

“మునగనన్నదాన్ని ముంచారా?” అంది చివరికి. తిట్టలేదు. ఎవరో పోయారని విన్నప్పుడు అడిగినట్టు అడిగింది.

అతను వచ్చాడు. నన్ను చూసి పెద్దగా నవ్వాడు. “ఏరా, ఇంకా మునగలేదా నువ్వు?” అన్నాడు. అన్నం పెట్టించాడు. చేపల పులుసులో ముల్లు తియ్యడం రాక నేను పడే పాట్లు చూసి వాళ్లమ్మతో, “మాగాణి బాబులమ్మా, వీళ్లకి ముళ్లు లేని చేపలు వండాలి,” అన్నాడు. కొత్త కుర్రాడి గురించి నేను చెబుతుంటే పొట్ట పట్టుకుని నవ్వాడు. సారు రమ్మన్నారని మాత్రం చివరిదాకా చెప్పలేకపోయాను. చెప్పాక, కాసేపు చెయ్యి కడుక్కుంటూ ఉండిపోయాడు.

“ఉండు. చొక్కా వేసుకొస్తా.”

బయటికి వచ్చినప్పుడు చేతిలో ఒక సంచీ ఉంది. నిండుగా ఉంది. వాళ్లమ్మ నా వైపు చూసింది, ఆమె ముఖం ఎలా వెలిగిందో నేను చెప్పలేను. నా ముఖమూ అలాగే ఉండి ఉంటుంది. చల్లపల్లి దాకా బస్సులో ఒకే సీట్లో కూర్చున్నాం. పక్కపక్కన కూర్చోవడం ఇద్దరికీ అలవాటు లేదు. పడవ ఎడమకు లాగుతోందని చెప్పాను. “ఎంత?” అన్నాడు. చేత్తో చూపించాను. తలూపాడు. ఇక అంతా సర్దుకున్నట్టే అనుకున్నాను.

చల్లపల్లిలో బస్సు మారాలి. బెజవాడ బస్సు అప్పటికే కదలడానికి సిద్ధంగా ఉంది. “ఎక్కు, ఎక్కు, సీటు పట్టు,” అని నన్ను ముందుకు తోశాడు. ఎక్కి, కిటికీ పక్కన రుమాలు వేసి అతని కోసం చూశాను. అతను కింద కిటికీ దగ్గర నిలబడి సంచీని లోపలికి అందించాడు.

“ఎండు రొయ్యలు. సార్‌కి. మా అమ్మ చేతివని చెప్పు.”

“నువ్వే ఇవ్వు. ఎక్కరా.”

“నేనా పడవలో మోకాలేస్తే, అతుకెక్కడుందా అని నా మోకాలు వెతుక్కుంటదిరా. తెడ్డు మీద మనసుండదు. నీ ఉద్యోగం కూడా ముంచేస్తా.”

“పోతే పోనీ నా ఉద్యోగం. దిగి, పూర్తి చేస్తే చాలు కదా. మెల్లగానే పోదాం. చివర్న వద్దాం. చివర్న రావడం నాకు వచ్చు, నేర్పిస్తాను.”

ఆ మాటకు నవ్వాడు. నవ్వుతూనే బస్సు రేకు మీద రెండుసార్లు కొట్టాడు, డ్రైవరు పోనిచ్చాడు. దిగుదామని లేచానుగానీ, నడవంతా జనం. గుమ్మం దాకా వచ్చేసరికి ఊరు దాటిపోయింది.

సారు సంచీ అందుకుని, నా వెనక ఎవరూ లేకపోవడం చూశారు. “బాగున్నాడా?” అన్నారు. బాగున్నాడన్నాను. ఆ రోజు ప్రాక్టీసు లేదని చెప్పి షెడ్డుకు తాళం వేశారు.

హైదరాబాదులో కొత్త కుర్రాడూ నేనూ దిగాం, పూర్తి చేశాం. మా వెనక ఒక పడవ ఉంది, అది తిరగబడింది కనుక. ఉద్యోగం వచ్చింది. అందరూ నేను ఒడ్డున పడ్డానన్నారు. చేరిన మొదటి నెల జీతం తీసుకున్న రోజున ఆఫీసులో అందరికీ పూతరేకులు పంచాను, నేను తినలేదు.

తర్వాత కొన్నేళ్లకు, అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చిన రోజుల్లో, వెళ్లి అతన్ని చూశాను. వాళ్ల ఊరి దగ్గర ఒకరి రొయ్యల చెరువుల మీద పనిచేస్తున్నాడు. పెళ్లయింది. చిన్న పడవలో నిలబడి, చెరువంతా తిరుగుతూ మేత చల్లడం అతని పని. నన్నూ ఎక్కించుకున్నాడు. “భయపడకు, ఇది తిరగబడదు, నువ్వు ప్రయత్నించినా సరే,” అన్నాడు. ఆఫీసు గురించి అడిగాడు. కుర్చీ ఎలాంటిదని అడిగాడు. తిరిగే కుర్చీ అన్నాను. “నేనూ తిరుగుతూనే ఉన్నాలే,” అన్నాడు చెరువు చూపించి.

మా ఆట ఏళ్ల తరబడి ఆడినవాళ్లకు ఒక భుజం పెద్దదవుతుంది, ఒకే పక్క లాగుతాం కనుక. నాకు ఇప్పటికీ కుట్టించిన చొక్కా ఎడమ భుజం దగ్గర పట్టేస్తుంది. దర్జీ రెండు భుజాలూ విడివిడిగా కొలవాల్సిందే. అతను మేత చల్లుతూ, రెండు పక్కలా మార్చి మార్చి తెడ్డు వేస్తున్నాడు. ఎండకు చొక్కా విప్పాడు. రెండు భుజాలూ సమానంగా ఉన్నాయి. ఎప్పుడూ పడవ పందెం వేయని మనిషి భుజాల్లా ఉన్నాయి.

మేత అయిపోయింది. పడవను గట్టుకు తెచ్చి, నేను దిగడానికి చెయ్యి అందించాడు.